పెద్దసారు లోపల ఉన్నారు

పోయిన వారం బెంగళూరు సర్జాపుర రోడ్డు మీది మా అద్దాల ఆఫీసులో, కొత్తగా చేరిన ఒక అమ్మాయి నా పక్కన కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఆదేశాలు టైపు చేసే నల్లకిటికీ, టెర్మినల్, తెరిచింది. అలా తెరవగానే దానంతటదే నడిచే స్టార్టప్ స్క్రిప్టు ఒకటుంది మా దగ్గర, ఒళ్లు విరుచుకుని లేచేసరికి అరనిమిషం పట్టే రకం. ఆ అమ్మాయికి అంత ఓపిక లేక మధ్యలోనే కంట్రోల్-సి కొట్టి ఆపేసింది. ఆ తరువాత ఎన్ని కొత్త విండోలు తెరిచినా ‘ఇంకొకరు పనిలో ఉన్నారు, ఆగండి’ అన్న ముక్క తప్ప మరేమీ రాలేదు. సరిగ్గా పన్నెండు సెకన్లు చూసింది. ఆమె లెక్కపెట్టలేదు, నేను లెక్కపెట్టాను. తరువాత అడ్డం పడుకున్న లాక్ ఫైలును వెతికి, తుడిచేసి, చెవుల్లో పాట కూడా ఆపకుండా పనిలోకి వెళ్లిపోయింది. అది ఎవరిదని అడగలేదు, తీయవచ్చా అని నా వంక చూడలేదు. నేను మాత్రం కాఫీ కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాను, ఎందుకంటే ఒకప్పుడు అచ్చం ఇలాంటి మాటనే చూస్తూ నేను మూడున్నర గంటలు కూర్చున్నాను.

ముప్పై నాలుగేళ్లకే జ్ఞాపకాలేమిటయ్యా అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. మా వృత్తిలో అయిదేళ్లు దాటిన ప్రతిదాన్నీ తవ్వి తీయాల్సిందే, పదేళ్లు దాటినవాణ్ణి గాజుపెట్టెలో పెట్టాల్సిందే. పైగా నేను రాస్తున్నది మనలాంటివాళ్ల కోసం: డిగ్రీ కాగితాలు ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకుని, తెల్లవారకముందే మెజెస్టిక్‌లో బస్సు దిగి, ఏ ప్లాట్‌ఫారం నుంచి ఏ బస్సు పోతుందో తెలియక, తెలియనట్టు కనిపించడం ఇష్టంలేక, ఒకే చోట గంటసేపు ధీమాగా నిలబడ్డ వాళ్ల కోసం. మనకు ఆగడం బాగా వచ్చు. ఈ కథ దాని గురించే.

ఈ పని తెలియనివారికి ముందు రెండు ముక్కలు చెప్పాలి. ఒకే పనిని ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టి పాడుచేయకుండా, ముందు వచ్చిన స్క్రిప్టు ఒక చిన్న ఖాళీ ఫైలును అక్కడ పెడుతుంది. కిక్కిరిసిన బస్సులో కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టన్నమాట. వెనక వచ్చినవాళ్లు దాన్ని చూసి ఆగుతారు. మొదటివాడు పని ముగించుకుని, పోతూపోతూ ఆ ఫైలు తీసేస్తాడు. అంతా మర్యాదగా సాగిపోతుంది, మొదటివాడు మధ్యలో పోనంతవరకు. కంట్రోల్-సి కొట్టినా, కరెంటు పోయినా, ఆ తీసేసే వరస దాకా స్క్రిప్టు రాదు. మనిషి ఉండడు, కర్చీఫ్ ఉంటుంది. ఇక సీటు ఖాళీగా, జనమంతా నిలబడి, ప్రయాణం సాగుతూ ఉంటుంది.

నా మొదటి ఉద్యోగం ఊరికి ఆ చివర ఫ్యాక్టరీల పేట పీణ్యలో. ఒక పక్క స్ప్రింగులు చుట్టేవాళ్లు, మరో పక్క ఇనుపబీరువాలకు రంగు కొట్టేవాళ్లు, మధ్యలో మా కాలిబ్రేషన్ ల్యాబు. లేతు మీద తీసిన బుష్, అంటే చిన్న ఇనుప గొట్టం ముక్క, దాని రంధ్రం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక గేజీ ఉంటుంది. ఆ గేజీ సరిగ్గా ఉందో లేదో చూసి సర్టిఫికెట్ ఇవ్వడం మా పని. మేం సరిగ్గా ఉన్నామో లేదో చూడటానికి ఏడాదికోసారి ఇంకెవరో వచ్చేవారు, వాళ్లను ఎవరు చూసేవారో నాకు ఎప్పుడూ తెలియలేదు. మొత్తం తొమ్మిది మందిమి. నేను కంప్యూటర్ల మనిషిని, అంటే ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలిచేవారు.

సర్టిఫికెట్ అచ్చు తీయాలంటే సర్వరులోకి లాగిన్ కావాలి. లాగిన్ కాగానే నేను రాసిన స్టార్టప్ స్క్రిప్టు లేచి, గేజీలను సరిచూసే మాస్టర్ పరికరాల్లో ఆ రోజు ఏది చెల్లుతుందో ఏది చెల్లదో ఒక జాబితా తయారుచేసేది. ఇద్దరు ఒకేసారి లాగిన్ అయితే జాబితా కలగాపులగమయ్యేది కనుక దానికొక లాక్ పెట్టాను. ఆగినవాళ్లకు ఏదో ఒక మాట చూపించాలి కదా. ఎప్పటినుంచి ఆగింది, ఏ ప్రాసెస్ పట్టుకుంది అని రాయడం పొడిపొడిగా ఉంటుందనిపించింది. ఇరవై మూడేళ్ల వయసు, చేతిలో పని తక్కువ. అందుకని ఒక్కొక్కరి కంప్యూటరుకు ఒక్కొక్క మాట రాశాను, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. నా పక్కసీటు అక్క లాక్ పట్టుకుంటే ‘అక్క బొట్టు దిద్దుకుంటోంది, తొందర పెట్టకండి’ అని వచ్చేది. నేను పట్టుకుంటే ‘మనవాడే, గట్టిగా కేకెయ్యండి’ అని. పెద్దసారు పట్టుకుంటే ‘పెద్దసారు లోపల ఉన్నారు. తలుపు తట్టే ధైర్యముంటే తట్టండి’ అని. ఎవరి మాట వాళ్లకు కనిపించదు కనుక పెద్దసారుకు ఆ సంగతి తెలియదు. ల్యాబంతా పడీపడీ నవ్వారు. జీవితంలో నేను రాసినవాటిలో అంత మంది చదివింది మరొకటి లేదు.

పెద్దసారు మా టెక్నికల్ హెడ్డు, సర్టిఫికెట్ మీద సంతకం ఆయన ఒక్కడిదే. హిందూపురం మనిషి. మాస్టర్ గదిలో కూర్చునేవారు, అక్కడే ఆయన కంప్యూటరు. ఆ గది ఎప్పుడూ ఇరవై డిగ్రీల్లో ఉండాలి, దుమ్ము ఉండకూడదు. అందువల్ల చెప్పులు బయట విడవాలి, ఫోను బయట డెస్కు సొరుగులో పెట్టాలి, కొలత నడుస్తుండగా తలుపు తీయకూడదు. తీస్తే గంటసేపు గది మళ్లీ చల్లబడేదాకా ఆయన ఏమీ అనరు, కానీ ఆ ఏమీ అనకపోవడం భరించడం కష్టం. కాబట్టి ఎవరూ తలుపు తట్టేవారు కాదు. తలుపు ముందు ఆయన గోధుమరంగు తోలుచెప్పులు ఉన్నాయా లేవా అని చూసుకుని పోయేవాళ్లం. ఆయన హాజరుపట్టీ అదే.

నేను ఒకసారి ఆయన లాక్ మీద చెయ్యి వేశాను కూడా. నేను మూడున్నర గంటలు కూర్చున్న ఆ శనివారానికి రెండు వారాల ముందు, ఎంతకూ రావడంలేదని ఆయన పట్టుకున్న ఫైలును తీసేశాను. ఆయన నిజంగానే జాబితా మధ్యలో ఉన్నారు. మూడు సర్టిఫికెట్ల మీద తప్పుడు మాస్టర్ నంబరు పడి, మూడింటినీ ఇంటింటికీ వెళ్లి వెనక్కి తెచ్చుకున్నాను. ఆయన కేకలేమీ వేయలేదు. నన్ను పిలిచి, కళ్లద్దాలు తుడుచుకుంటూ, “పట్టుకున్నోడే తియ్యాల. ఇంకోడు చెయ్యి పెట్టగూడదు. అర్థమాయనా?” అన్నారు. అర్థమైంది. మరీ ఎక్కువగా అర్థమైంది.

ఇక ఎవరికోసం ఆ శనివారం అంత ముఖ్యమో చెప్పాలి. నేను దాసరహళ్లిలో ఒక మేడ మీది గదిలో ఉండేవాణ్ణి. కింద ఇంటి ఓనరు కుటుంబం. నాలుగు తరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లు. తెలుగు మాట్లాడితే కన్నడం, కన్నడం మాట్లాడితే తెలుగు వినిపించే మనుషులు. ఆయన్ను నేను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అప్పా అనేవాడు. ఆ వరసలు ఎలా కుదిరాయో అడగకండి. ఆయన అన్నదమ్ములకు బళేపేటలో బోల్టులు, నట్లు, గొళ్లాలు అమ్మే కొట్టు. పాతికేళ్లు ఆ కౌంటరులో నిలబడి, ఇంకొకరు చేసింది తూచి అమ్మడమేనా, మనమొకటి చేయలేమా అనుకుని, కొట్టు వాళ్లకు వదిలేసి, పీణ్యలో రెండు లేతులతో షెడ్డు పెట్టుకున్నాడు. ఇంట్లో అత్తకు ఇష్టంలేదు. అన్నదమ్ములు నవ్వారు. రెండేళ్లు చిల్లర పనులు చేశాక, ఒక పంపుల కంపెనీ నుంచి మొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. ఆ శనివారం నాలుగు గంటలకు వాళ్ల ఇన్‌స్పెక్టరు బండితో సహా వస్తాడు, బుష్‌లు చూస్తాడు, బాగుంటే ఎక్కించుకుపోతాడు, ఏడాది పొడుగునా ఆర్డరు. అయితే గేజీలకు మా ల్యాబు సర్టిఫికెట్ చేతిలో ఉండాలి, లేకపోతే ఒక్క బుష్ కూడా ముట్టుకోడు. మామ గేజీలను నేనే పట్టుబట్టి మా ల్యాబుకు తెప్పించాను. మన మనిషి పని కదా, నేను చూసుకుంటానన్నాను. చూసుకోవడమంటే నా అర్థంలో తరువాత నిజంగానే కూర్చుని చూడటం అయింది.

కొలతలు శుక్రవారమే అయిపోయాయి. శనివారం పొద్దున అచ్చు తీసి సంతకం పెట్టించడమే మిగిలింది. పదకొండు దాటిన కాసేపటికి కరెంటు పోయింది. పీణ్యలో కరెంటు పోవడం వార్త కాదు. మా సర్వరుకు యూపీఎస్ ఉంది, దానికి బ్యాటరీలు ఉన్నాయని మాకొక నమ్మకం ఉంది. ఆ రోజు ఆ నమ్మకం రెండు నిమిషాలు పనిచేసి ఆగిపోయింది. అంతా చీకటి. అందరం బయటికొచ్చి టీ తాగి, సినిమాల గురించి మాట్లాడుకుని, పన్నెండు దాటాక కరెంటు వస్తే లోపలికి వెళ్లాం. సర్వరు లేచింది. పక్కసీటు అక్క లాగిన్ అయింది. ‘పెద్దసారు లోపల ఉన్నారు. తలుపు తట్టే ధైర్యముంటే తట్టండి.’ అక్క కిలకిలా నవ్వి, మా ఇద్దరి భోజనం డబ్బాలూ తెరిచింది. అప్పటికి పన్నెండూ పది.

సరే, కరెంటు వచ్చింది కనుక పెద్దసారు గది చల్లబడేదాకా జాబితా చూసుకుంటున్నారు అనుకున్నాం. తలుపు ముందు చెప్పులున్నాయి. గది తలుపు అద్దం మీద ఎండ పడకుండా కాగితం అతికించి ఉంది. పన్నెండున్నరకు మామ వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ముందుగదిలో బెంచీ మీద కూర్చుని, ఒళ్లో ప్లాస్టిక్ కవరు పెట్టుకున్నాడు, సర్టిఫికెట్ మడతపడకుండా తీసుకుపోవడానికి ఇంటినుంచే తెచ్చుకున్న కవరు. ఇంకొంచెం సేపు మామా, సారు లోపల ఉన్నారు అన్నాను. ఆయన తలూపాడు. పెద్దమనిషి లోపల పనిలో ఉంటే బయట కూర్చోవడం ఆయనకు కష్టమనిపించే విషయమే కాదు, చిన్నప్పటినుంచీ ఎన్నో ఆఫీసుల బెంచీల మీద నేర్చుకున్న విద్య.

ఒంటిగంట అయింది, ఒంటిగంటన్నర అయింది. మళ్లీ లాగిన్ అయ్యాను, మళ్లీ అదే మాట. ఆ మాట రాసింది నేనేనన్న సంగతి నాకు గుర్తుంది. దానికి చెప్పులు చూసే కళ్లు లేవనీ, తలుపు సందులోంచి తొంగిచూసి చెప్పడంలేదనీ, ఎప్పుడో పెట్టిన ఒక ఖాళీ ఫైలును చూసి చిలకలా పలుకుతోందనీ ప్రపంచంలో అందరికంటే బాగా తెలియాల్సినవాణ్ణి నేనే. అయినా అది చెప్పిన ప్రతిసారీ నమ్మాను. రెండు గంటలకు ధైర్యం చేసి పెద్దసారు ఫోనుకు చేశాం. ఫోను సొరుగులో మోగింది. చూశావా, లోపలే ఉన్నారు అంది అక్క. చెప్పులు, ఫోను, స్క్రీను, ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబుతుంటే న్యాయస్థానాలు ఉరిశిక్షలే వేస్తాయి, మేమెంత.

రెండున్నరకు మామ లేచివచ్చి, మెల్లగా, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

“ఏమప్పా, ఇంకా లోపలే ఉండాడా సారు?”

“ఉన్నారు మామా.”

“తలుపు తడితే ఏమనుకుంటాడో?”

“కొలత చెడిపోతుంది మామా. మీ గేజీలదే అయితే మళ్లీ మొదటికొస్తుంది.”

అది నేను అప్పటికప్పుడు కల్పించిన మాట. ఆయన గేజీల కొలతలు నిన్ననే అయిపోయాయి. కానీ తలుపు తట్టలేని నా పిరికితనానికి అంతకంటే గౌరవమైన బట్ట దొరకలేదు. మామ వెంటనే వెనక్కి తగ్గాడు, తన మూలంగా ఎక్కడ కొలత చెడిపోతుందోనని. మూడింటికి ఇక ఆగలేక, ఇన్‌స్పెక్టరు ముందే వచ్చేస్తే మనిషి లేకపోతే బాగుండదని, తను షెడ్డుకు పోతాననీ నన్ను కాగితం తీసుకుని బేగ వచ్చేయమనీ చెప్పి, ఆ ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టి వెళ్లాడు.

ఆయన వెళ్లాక నాకు చేతులకు పని లేకుండా పోయింది. అక్క జడ విప్పి మళ్లీ అల్లుకుంటోంది. నేను సర్వరు ముందుకే పోయి, స్క్రిప్టుతో సంబంధంలేని వేరే ఖాతాలో లాగిన్ అయి, ఊరికే, నిజంగా ఊరికే, ఆ లాక్ ఫైలు ఎప్పుడు పుట్టిందో చూశాను. పదకొండూ ఏడు. ఆ తరువాత సర్వరు ఎప్పుడు లేచిందో చూశాను. పన్నెండూ రెండు. రెంటినీ మూడుసార్లు చదివాను. కరెంటు పోకముందు పుట్టిన ఫైలది. మధ్యలో సర్వరే చచ్చి బతికింది. అందులో నడుస్తున్న ప్రతి పనీ కరెంటుతోపాటే పోయింది. పెద్దసారు అప్పుడు లాగిన్ అవుతూ ఉన్నారు, కరెంటు పోయింది, ఫైలు డిస్కు మీద అలాగే పడి ఉంది. అంటే మూడున్నర గంటలుగా మేం ఆగింది ఎవరూ పట్టుకోని లాక్ కోసం. అప్పుడు టైము మూడూ నలభై.

నేను పోయి తలుపు తీశాను. తట్టకుండా తీశాను. చల్లగా, శుభ్రంగా, ఇరవై డిగ్రీల్లో ఖాళీగా ఉంది గది.

జరిగింది అప్పుడు వాచ్‌మన్‌ను అడిగితే తెలిసింది. కరెంటు పోయిన కాసేపటికి పెద్దసారు పక్కింటి కుర్రవాడు మోటారుసైకిలు మీద వెనక గేటుకు వచ్చి, సారు వాళ్ల అమ్మగారు బాత్‌రూంలో జారిపడ్డారని చెప్పాడు. ఆయన గది వెనక తలుపు తీసుకుని, గదిలో తొడుక్కునే రబ్బరు స్లిప్పర్లతోనే బండెక్కి వెళ్లిపోయారు. వాచ్‌మన్‌కు చెప్పే వెళ్లారు. ఆ వాచ్‌మన్ డ్యూటీ పన్నెండింటికి మారింది, పోతూ కొత్తాయనకూ చెప్పాడు. కొత్త వాచ్‌మన్‌ను అప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు, కాబట్టి ఆయనా ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆవిడను చేర్చిన ఆసుపత్రి మా ల్యాబు నుంచి రెండు సిగ్నళ్ల దూరం. పన్నెండూ పదికి తలుపు తీసి ఉంటే, ఒంటిగంటకు సంతకం పెట్టించుకుని, మామతో కలిసి భోజనానికి కూర్చునే దూరం.

లాక్ తీసేశాను, అచ్చు తీశాను. అక్క స్కూటీ మీద ఆసుపత్రికి పోయాను. పెద్దసారు వరండాలో నిలబడి ఉన్నారు, ఒక కాలికి నీలం స్లిప్పరు, ఇంకో కాలికి ఆకుపచ్చ. చీకట్లో దొరికినవి తొడిగినట్టున్నారు. అమ్మగారికి చెయ్యి విరిగింది తప్ప గొంతుకేమీ కాలేదు, లోపలినుంచి నర్సులకు దేశవాళీ హెచ్చరికలు వినిపిస్తున్నాయి. సారు ఎక్స్‌రే కవరు మీద కాగితాలు పెట్టుకుని, ఆరు సర్టిఫికెట్లకూ సంతకాలు చేసి, ఇంతసేపూ ఏం చేస్తున్నారన్నట్టు నా వైపు చూశారు. మీరు లోపల ఉన్నారనుకున్నాం సార్ అన్నాను. కాగితాలు మామ ఇచ్చిన కవరులో పెట్టుకుని మళ్లీ స్కూటీ ఎక్కాను. పీణ్యలో శనివారం సాయంత్రం నాలుగు దాటాక లారీలన్నీ ఒకేసారి ఇళ్లు గుర్తొచ్చి బయలుదేరుతాయి. స్కూటీ మీద నేను ఎవరినీ ఏమీ చేయలేక, హారను కొట్టినా ఎవరూ వినరని తెలిసి, అలాగే ఒక్కో అడుగు ముందుకు నెట్టుకుంటూ, షెడ్డు చేరేసరికి అయిదు కావస్తోంది. బండి నాలుగున్నరకే వెళ్లిపోయింది.

లోపల మామ, పనివాళ్లతో కలిసి, నూనె రాసిన బుష్‌లను డబ్బాల్లో మళ్లీ సర్దుతున్నాడు. ఇన్‌స్పెక్టరు మర్యాదగానే మాట్లాడాడట, అరగంట ఆగాడట కూడా. కాగితం లేదు కనుక లేదన్నాడు. ఆ లోటు వేరే షెడ్డులో ఎత్తుకుంటానని వెళ్లాడు. మామ చేతులు గుడ్డతో తుడుచుకుని, సర్టిఫికెట్లు తీసుకుని, ఒక్కొక్కటే పై నుంచి కింది దాకా చదివాడు. సంబంధం కుదరని పెళ్లికి వచ్చిన శుభలేఖలు చదివినట్టు చదివాడు.

“బాగా వచ్చినాయప్పా,” అన్నాడు. “సారు అమ్మకు ఎట్లుండాది?”

చెప్పాను. పాపం పెద్దావిడ అన్నాడు. కరెంటు పోతే ఎవురేం చేస్తారప్పా అన్నాడు. అప్పుడు చెప్పాలి. కరెంటు కాదు మామా, పని మధ్యలో ఆగిపోతే లాక్ ఎవరు తీస్తారన్నది నేను ఆలోచించలేదు, ఎప్పటినుంచి ఆగిందో చెప్పాల్సిన చోట నేనొక వేళాకోళం రాసిపెట్టాను, దాన్ని నేనే నమ్మి మిమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టాను అని. నోటిదాకా వచ్చింది. వచ్చి, పెద్దసారు స్లిప్పర్ల రంగుల కథగా మారి బయటపడింది. ఒక కాలు నీలం, ఒక కాలు పచ్చ అని అభినయించి మరీ చెప్పాను. నాకు చేతనైంది అదొక్కటే. మామ నవ్వాడు. పనివాళ్లూ నవ్వారు. నవ్వుతూనే డబ్బాల మూతలు మేకులతో బిగించారు.

సోమవారం పొద్దున్నే ల్యాబుకు పోయి స్క్రిప్టు మీద కూర్చున్నాను. ఎవరైనా మధ్యలో ఆపితే, పోయే ముందే లాక్ తీసేసి పోయేట్టు ఒక వరస పెట్టాను. దానికి కూడా వ్యవధి ఇవ్వకుండా కరెంటు పోతే ఎలాగని, లాక్‌ను ఉత్త ఫైలుకు వదిలేయకుండా ఆపరేటింగ్ సిస్టమ్ చేతికే అప్పగించాను, పట్టుకున్న ప్రాసెస్ పోతే పట్టు కూడా దానితోపాటే పోయేట్టు. వేళాకోళాలన్నీ తీసేసి, ఎవరు, ఏ గంటకు, ఎంతసేపటినుంచి అని మాత్రం రాశాను. సాయంత్రానికి అయిపోయింది. పెద్దసారు వచ్చి చూసి, నాకోసం ఒక టీ చెప్పారు. అక్క మాత్రం నవ్వుకోవడానికి ఇక ఏముందిలే అంది.

ఆ ఆర్డరు మళ్లీ రాలేదు. మామ ఎనిమిది నెలలు అలాగే నెట్టుకొచ్చి, లేతులు ఇంకొకరికి ఇచ్చేసి, బళేపేట కొట్టుకు తిరిగి వెళ్లిపోయాడు. నేనింకో ఏడాది ఆ మేడమీదే ఉన్నాను. పొద్దున ఆయన చొక్కా ఇన్ చేసుకుని కౌంటరుకు బయలుదేరుతుంటే నేను మెట్ల మీద ఆగి, ఆయన గేటు దాటాక దిగేవాణ్ణి. తరువాత ఉద్యోగం మారాను, ఊళ్లోనే ఇంకో ఊరిలాంటి ఈ మూలకు వచ్చాను.

పోయినేడు మా ఫ్లాటు తలుపులకు మడతబందులు కావాల్సి వచ్చి, సర్జాపురలో దొరకనివేమీ కాకపోయినా, బళేపేట వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకు తెలుసు, మా ఆవిడకు తెలియదు. మామ కౌంటరులోనే ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. ఎవరో గొళ్లెం అడిగితే, అవసరం లేకపోయినా, వెర్నియర్ తీసి మందం కొలిచి మరీ ఇస్తున్నాడు. నన్ను చూసి స్టూలు లాగాడు, కాఫీ తెప్పించాడు. గిరాకీ తగ్గాక, పదేళ్లు కడుపులో ఉన్నదంతా చెప్పేశాను: ఫైలు, పదకొండూ ఏడు, నా మాట, ఖాళీ గది. ఆయనకు కంప్యూటరు సంగతులు సగమే అర్థమయ్యాయి, కాని అర్థం కావాల్సిన సగం అయింది. కాసేపు వెర్నియర్ దవడలు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు.

“ఇది ఆ పొద్దే చెప్పింటే బాగుండునప్పా,” అన్నాడు. “సోమారం నేను వాళ్ల ఆఫీసుకు పోతిని. ఎందుకు లేటాయ అని అడిగిరి. కరెంటు అంటిని. కరెంటు అందరికీ పోతాది, నీకొక్కనికే పోయిందా అనిరి. నాకు ఇంకేం చెప్పల్లో తెలీలేదు. మాది తప్పు, ఈయప్పది గాదు అని మీ ల్యాబోళ్లు ఒక చీటీ రాసిచ్చింటే, ఇంకొక వారం ఇస్తుండిరి.”

కోపం లేదు గొంతులో. ఉంటే నాకు ఎంతో సులువుగా ఉండేది. వెంటనే, తలుపు టేకుదా ప్లైవుడ్‌దా అని అడిగాడు, దాన్నిబట్టి స్క్రూ పొడుగు మారుతుందట. ప్లైవుడ్ అన్నాను. పొట్టి స్క్రూలు ఏరి, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు.

ఇప్పుడు కాలం మారింది. లాకులు వాటంతటవే వదులుకుంటున్నాయి. కొత్తగా వచ్చిన పిల్లలు పన్నెండు సెకన్లకంటే ఎవరికోసమూ ఆగరు, ఆగాల్సిన పని కూడా లేదు, మంచిదే. చిన్న పొరపాటు జరిగినా, ఏ నిమిషానికి ఏమైంది, ఎందుకైంది, తప్పు ఎవరిదీ కాకుండా ఎలా అందరిదీ అయింది అని ఒక పేజీ రాసి, సాయంత్రంలోగా కస్టమరుకు పంపుతాం. మా ఆఫీసులో ఆ పేజీలు రాసేది నేనే. దాపరికం లేకుండా, సూటిగా రాస్తానని పేరుంది. రాయడానికి పది నిమిషాలకు మించి పట్టదు. ఆ సోమవారం మామ ఎవరి ఆఫీసులోనో నిలబడి చెప్పడానికి మాట లేక చూస్తున్నప్పుడు, నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్క్రిప్టు బాగుచేస్తున్నాను. చాలా బాగా చేశాను. ఇన్నేళ్లలో అది ఒక్కసారి కూడా ఆగలేదని అక్క మొన్న ఫోనులో చెప్పింది.